సీతారత్నం మెస్సు

"పప్పు ఉడకాలంటే నీళ్ళు గావాలె, నీళ్ళు గావాలంటే నల్లా రావాలె, నల్లా ఎప్పుడొస్తదో ఇచ్చేటోనికే ఎరుక లేదు. గట్ల ఉండె మా బతుకు. ఫస్టు షిఫ్టోడు తెల్లారకముందే బొగ్గుబాయిల దిగాలె, వానికి గిన్నె కట్టియ్యాలె. సెకండు షిఫ్టోడు పగటీలి తిని పోతడు. నైటు షిఫ్టోడు డ్యూటీ దిగొచ్చి, నేను వాకిలి ఊడ్సే యాల్లకు 'అక్కా, బువ్వ' అనుకుంట నిలబడతడు. మరి నేనెప్పుడు పండుకున్ననో నువ్వే లెక్క గట్టుకో."

సీతారత్నం ఊపిరి తీసుకోవడానికి ఆగింది. బెంచీకి ఈ చివర ఆమె, ఆ చివర ఉదయశ్రీ, మధ్యలో చేతిరుమాలు పరిచి దాని మీద పెట్టిన ఫోను. ఫోనులో రికార్డింగు నడుస్తోంది. వేరే ఇంటి మనిషి ఒక్కరితోనే బయట తిరగవచ్చు, అదీ మీటరున్నర ఎడంగా అని ప్రభుత్వం చెప్పిన రోజులవి. ఎదురుగా జర్మనీలోని వాల్డార్ఫ్ ఊరి పొలాల్లో నల్ల ప్లాస్టిక్ కప్పిన ష్పార్గెల్ కూరగాయ మట్టి కట్టలు బారులు తీరి ఉన్నాయి. రొమేనియా నుంచి వచ్చిన కూలీలు వాటి మధ్య వంగి, తెల్లటి కాడల్ని కోసి పెట్టెల్లో పేరుస్తున్నారు.

"దానికి మెస్సు అని పేరెవరు పెట్టారు పిన్నిగారూ?"

"ఆకలి పెట్టింది. మొదలు మా పక్క క్వార్టర్ల ఒంటిగ ఉండేటోడు ఒకడు రెండు పూటలు తిన్నడు. వాడు ఇంకొకణ్ణి తోలుకొచ్చిండు. చూస్తుండంగనే నలభై మంది అయిన్రు. నలభై మంది తినేదాన్ని ఇల్లంటరా?"

ఉదయశ్రీ నవ్వింది గానీ మధ్యలో మాట కలపలేదు. ఎవరైనా చెబుతున్నప్పుడు వాళ్ళ వాక్యం చివరి దాకా ఓపిక పట్టడం ఆమెకు వచ్చిన మొదటి విద్య. మిగిలిన విద్యలన్నీ ఆమె సొంతంగా కూడబెట్టుకున్నవే. రాజమండ్రిలో బీకాం చదివి, మొగుడి బ్లూ కార్డు ఉద్యోగ వీసా వెంట ఈ దేశం వచ్చింది. జర్మన్ భాషను క్లాసులో కాకుండా దుకాణాల తలుపుల మీద, పోస్టు డబ్బాలో పడిన ఉత్తరాల మీద నేర్చుకుంది. అర్థం కాని మాటను మూడు చోట్ల చూసేదాకా వదిలేది కాదు.

కరోనా వచ్చి ఊరంతా తలుపులు మూసుకున్నాక, మూతపడ్డ లైబ్రరీ అద్దానికి అంటించిన ఒక కాగితం ఆమె కంటబడింది. పక్క ఊరి ఆర్కైవులో పాత చీటీలు ఉన్నాయనీ, ఇంట్లో కూర్చుని వాటిని చదివి టైపు చేసి పెట్టడానికి ఇంగ్లిషు వచ్చిన స్వచ్ఛంద సేవకులు కావాలనీ దాని సారాంశం. ఉదయశ్రీ ఆ సాయంత్రమే మెయిలు పెట్టింది.

ఆ చీటీల కథ పెద్దదే. ఆ పక్క ఊళ్ళో పుట్టిన ఓటీలియ క్రామర్ అనే నర్సు, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే అమెరికా పోయి, అపలాచియా అనే కొండ ప్రాంతంలో బొగ్గు గనుల క్యాంపుల వెంట తిరిగింది. గుర్రం మీద ఇంటింటికీ పోయి పురుళ్ళు పోసింది, దగ్గు మందు ఇచ్చింది, వెళ్ళిన ప్రతి ఇంటికీ ఒక చీటీ రాసుకుంది. ముసలితనంలో స్వదేశం తిరిగి వస్తూ ఆ చీటీలన్నీ పెట్టెల్లో వేసుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి అటకల మీద తిరిగి తిరిగి అవి ఆర్కైవుకు చేరాయి. ఇప్పుడు వాటి ఫోటోలు రోజుకు కొన్ని చొప్పున ఉదయశ్రీ లాప్‌టాప్‌లోకి వస్తున్నాయి.

ఇక సీతారత్నం సంగతి. ఉదయశ్రీ ఉండే అపార్ట్‌మెంటులోనే కింది అంతస్తులో గిరిజ, భార్గవ్ ఉంటారు. గిరిజకు రెండో కాన్పు. సాయానికి ఇల్లందు నుంచి తల్లి ఫిబ్రవరిలో వచ్చింది. పురుడయ్యింది, బారసాల ఫోన్లో అయ్యింది, విమానాలు ఆగిపోయాయి. భార్గవ్ ఆఫీసు పడకగదిలోకి వచ్చి కూర్చుంది. నలభై మంది తినే పంక్తికి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా తయారైన గొంతు సీతారత్నానిది. అది రెండు గదుల ఇంట్లో పట్టలేదు.

"అత్తయ్యా, కాల్‌లో ఉన్నాను" అనేవాడు అల్లుడు, తలుపు సందులోంచి.

"నేను వంటల ఉన్న నాయనా" అనేది ఆమె, అంతే మర్యాదగా.

ఒకనాడు కుక్కరు కూతకు అవతల మీటింగులో ఉన్న పదిమందీ ఉలిక్కిపడ్డారట. ఆ మర్నాటి నుంచి గిరిజే తల్లిని ఉదయశ్రీకి అప్పగించింది. "అక్కా, నడకకి మా అమ్మను కూడా తీసుకుపో. ఆమెకు మాటలు కావాలి, మాకు నిశ్శబ్దం కావాలి."

అలా పొలాల గట్ల మీద ఇద్దరి నడక మొదలైంది. ఆ రోజు చదివిన చీటీని ఉదయశ్రీ నడుస్తూ తెలుగులో చెప్పేది.

"'మిసెస్ ఎల్మర్ స్టిడమ్. వయసు ముప్పై ఒకటి. పిల్లలు ఏడుగురు. వృత్తి, లేదు.' ముందు వైపు అంతే పిన్నిగారూ. చీటీ తిప్పితే వెనక పెన్సిలుతో నర్సు రాసుకుంది. 'తొమ్మిది మంది గనివాళ్ళు ఈమె దగ్గరే భోజనం. వాళ్ళ బట్టలు కూడా ఈమే ఉతుకుతుంది. మంత్రసానితనం తెలుసు. నన్ను చూడగానే కాఫీ పెట్టింది.'"

సీతారత్నం గట్టు మీద నిలబడిపోయింది. "వృత్తి లేదా?"

"అలాగే రాసుంది."

"మరి తొమ్మిది మందికి ఎవరు వండిన్రు, దయ్యమా?"

"ఆ గడిలో అలా రాయడం అప్పటి పద్ధతేమో."

"పద్ధతి. పద్ధతి అన్న మాట ఇనవడ్డప్పుడల్లా ఎవరో ఒక ఆడమనిషి నడుములు ఇరుగుతయి. ఆమె పేరేంది?"

"మిసెస్ ఎల్మర్ స్టిడమ్."

"అది ఆమె మొగుని పేరు గదనే. ఆమెను వాళ్ళమ్మ ఏమని పిలిచింది?"

ఆ పూట ఇంటికి పోయి ఉదయశ్రీ చీటీలన్నీ మళ్ళీ వెతికింది. కొన్ని చీటీల వెనక, పెన్సిలు గీతల్లో ఎక్కడో ఒక మూల, లాటీ అనో వెర్నా అనో ఒక పొట్టి పేరు కనబడింది. స్టిడమ్ గారి భార్య చీటీ వెనక అది కూడా లేదు.

ఈ ముచ్చట్లన్నీ ఉదయశ్రీ ఒక మెయిల్లో ఆర్కైవు చూసే ఆవిడ ఫ్రౌ లిండ్నర్‌కు రాసింది. ఆమె వెంటనే ఫోను చేసింది. బొగ్గు ఊళ్ళ నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల ఉంటున్న ఆడవాళ్ళ గొంతులు నాలుగు రికార్డు చేసి, ఆ చీటీల పక్కన దాచాలని తనకు ఎప్పటి నుంచో ఉందట. ఇల్లందు బొగ్గు ఊరని వినగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఒకే ఒక నియమం. రికార్డింగుతో పాటు ఒక వివరాల పత్రం ఉండాలి, చెప్పిన మనిషి దాని మీద సంతకం చేయాలి. సంతకం లేని గొంతును ఆర్కైవు దాచుకోదు, చెరిపేస్తుంది.

సీతారత్నం ఒప్పుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "చెప్తా. నా ముచ్చట నన్ను అడిగినోళ్ళే లేరు ఇన్నొద్దులు. అడిగింది ఈ దేశపామె, దాచేది ఈ దేశంల. మంచిదే. మా మనవరాలు ఈడనే పెరుగుతది గదా, ఎప్పుడన్న పోయి ఇంటది."

అలా నాలుగైదు మధ్యాహ్నాలు బెంచీ మీద గడిచాయి. బియ్యంలో రాళ్ళు ఏరడం, పచ్చిపులుసుతో సగం ఊరు బతకడం, బొగ్గు మసి చేతులతో పళ్ళెం ముట్టుకోవద్దని పిల్లల్ని అదిలించినట్టు మీసాలున్న మగవాళ్ళను అదిలించడం, అన్నీ చెప్పింది. చివరికి ఉదయశ్రీ పత్రం కోసం అడగవలసినవి అడిగింది. పుట్టిన ఊరు చెప్పింది. పుట్టిన సంవత్సరం, "వరదొచ్చిన ఏడు" అంది, ఆ తర్వాత పాస్‌పోర్టులో ఉన్నది చెప్పింది.

"బాబాయిగారి పేరు?"

సీతారత్నం మొహం పొలాల వైపు తిప్పుకుంది. ష్పార్గెల్ కూలీల్లో ఒకామె నడుం నిలబెట్టి, చేతి వెనకతో నుదురు తుడుచుకుంటోంది. సీతారత్నం ఆమెనే చూస్తూ కూర్చుంది.

ఉదయశ్రీకి ముద్దొచ్చింది. తన నాయనమ్మా అంతే. జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, ఆస్పత్రిలో డాక్టరు అడిగినా తాత పేరు నోటితో అనేది కాదు. పక్కన ఉన్న పిల్లల్ని గిల్లి చెప్పించేది. ఆ పాత మర్యాద ఇంత దూరం వచ్చి వాల్డార్ఫ్ బెంచీ మీద కూర్చుందని మనసులో మురిసిపోయి, ఇంకోసారి అడగకుండా ఫోను ఆపేసింది. సాయంత్రం మెట్ల దగ్గర గిరిజను అడిగితే, "మా నాన్న పేరా, తిరుపతయ్య" అని చెప్పి పాపకు డైపరు మార్చడానికి పరుగెత్తింది.

ఉదయశ్రీ పత్రం నింపింది. పేరు గడిలో, చీటీల వరసకు సరిపోయేలా, 'సీతారత్నం, బొగ్గు కార్మికుడు తిరుపతయ్య భార్య' అని రాసింది. వృత్తి గడిలో హౌస్‌ఫ్రౌ, అంటే గృహిణి, అని రాసింది. తన సొంత కాగితాల మీద ఎన్నిసార్లో రాసుకున్న మాటే. చెయ్యి దానంతట అదే రాసేసింది.

ఆ వారంలోనే ఎంబసీ నుంచి మెయిలు వచ్చింది. ఫ్రాంక్‌ఫర్టు నుంచి హైదరాబాదుకు ప్రత్యేక విమానం వేశారు, అందులో సీతారత్నానికి సీటు దొరికింది. ప్రయాణం దగ్గరలోనే ఉంది. ఆమె విమానం ఎక్కేలోపు సంతకం పడాలి. లేకపోతే చెప్పిన ముచ్చటంతా గాలిలో కలిసినట్టే.

ఉదయశ్రీ కాగితం, పెన్ను పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది.

"చదువు" అంది సీతారత్నం. "తెలుగుల చదువు. ఏమున్నదో ఎరుక లేకుండ వేలు పెట్టి వేలు పెట్టి మా అమ్మ తరం పోయింది."

ఉదయశ్రీ చదివింది. రెండో వాక్యం పూర్తి కాకముందే సీతారత్నం చేతిలోకి తీసుకున్న పెన్ను బెంచీ మీద పెట్టేసింది.

"చెరిపెయ్యి."

"ఏది పిన్నిగారూ? తప్పేమన్నా పడిందా?"

"కాయిదం కాదు. ఫోన్ల ఉన్నది మొత్తం చెరిపెయ్యి. నేను చెప్పలే, నువ్వు ఇనలే."

సీతారత్నం ఇంత నెమ్మదిగా మాట్లాడగా ఉదయశ్రీ ఎప్పుడూ వినలేదు. ఆ గొంతు సన్నగా అయ్యేకొద్దీ భయమేసింది.

"బాబాయిగారి పేరు మీరు అనరని, గిరిజను అడిగి రాశాను. పెద్దవాళ్ళు మొగుడి పేరు పలకరు కదా, మా నాయనమ్మ కూడా..."

"మీ నాయనమ్మ సంగతి నాకెరుక లేదు. నా సంగతి చెప్తా, ఇను. ఫోను పెట్టుకుంటే పెట్టుకో, లేకుంటే లేదు."

ఉదయశ్రీ పెట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"గిరిజ అప్పటికి పుట్టలే. జనాభ లెక్కలకు బడి పంతులు వచ్చిండు. నేను లోపట రొట్టెలు చేస్తున్న, పెనం మీద ఒకటి, చేతిల ఒకటి. బయట గుమ్మంల మా ఆయన కూసున్నడు. పంతులు అడిగిండు, ఇంటామె ఏం పని చేస్తది అని. ఆయన ఏమన్నడో ఎరుకేనా? 'ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటది' అన్నడు. పంతులు రాసుకున్నడు."

"మీరు విన్నారా?"

"ఇననీకే గోడలేడున్నయి? రేకుల క్వార్టరు. నేను పెనం దించిన. పొయ్యిల కట్టెలు బయటికి గుంజి నీళ్ళు జల్లిన. కొంగు దులుపుకొని పోయి, వాకిట్ల మంచం మీద కాళ్ళు చాపుకొని కూసున్న. ఆయన వచ్చి 'ఏందే, పొయ్యి ఆరింది' అన్నడు. 'పని లేనిదాన్ని గదా, పని లేనట్టు కూసున్న' అన్న."

ఉదయశ్రీ నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"నవ్వు, నవ్వు. అప్పుడు ఎవ్వరూ నవ్వలే. షిఫ్టు దిగినోళ్ళు వచ్చిన్రు, ఎక్కేటోళ్ళు వచ్చిన్రు. మొహం నిండ మసి, కండ్లు తెల్లగ. వాకిలి నిండ నిలబడ్డరు. అక్కా ఏమయింది, జరమా అని ఒకడు. కాదు, నాకు పని లేదట, సర్కారు కాయిదంల రాసుకపోయిన్రు, ఆ పంతులొచ్చి కొట్టేసి మళ్ళ రాసినంకనే పొయ్యి ముట్టిస్త అన్న. ఆయన బతిమిలాడిండు. ఇజ్జత్ పోతది లోపటికి రా అన్నడు. ఎవరి ఇజ్జత్ అని అడిగిన."

"పంతులుగారు వచ్చారా?"

"రాక ఏం చేస్తడు, పదిమంది పోయి ఇంకో గల్లీల లెక్కలు రాసుకునేటోణ్ణి పట్టుకొచ్చిన్రు. ఆయన కాయిదం గుండెకు అద్దుకొని, రాసింది మార్చొద్దమ్మా, పైనోళ్ళు కోప్పడతరు అన్నడు. కోప్పడనియ్యి, నేను కూడ కోప్పడుతున్న గదా అన్న. నీకు ఇంకో ముచ్చట చెప్పలే. ఆ పంతులు కూడ నా కాడ తినేటోడే. ఆ మాపు ఆయన పళ్ళెం కూడ ఖాళీనే. చూసిండు, చూసిండు, కొట్టేసి రాసిండు. మెస్సు నడుపుతది అని రాసి నాకు చదివి ఇనిపించిండు. అప్పుడు లేచిన."

పొలం మధ్య ట్రాక్టరు ఒకటి పెట్టెలు ఎక్కించుకుని వెళ్ళింది. ఆ చప్పుడు పోయేదాకా సీతారత్నం ఆగింది.

"అయితే అది గెలుపే కదా పిన్నిగారూ. మరి బాబాయిగారి పేరు..."

"ఆగు. ఊరంత నా పేరు జెప్పుకుంటుంటే ఆయనకు పట్టలే. నెలలు తిరగకముందే బోర్డు రాపిచ్చి తెచ్చి వాకిట్ల కట్టిండు. తిరు..." సీతారత్నం ఆ మాటను నాలుక మీదే ఆపి, మింగేసింది. "ఆయన పేరు, పక్కన మెస్సు. తెల్లారి లేచి చూసిన. చెక్క బోర్డు. దించి పొయ్యిల పెట్టిన. ఆ పూట అన్నం దానితోనే ఉడికింది. ఆయన ఇంకోటి రాపిచ్చిండు. అది కూడ పెట్టిన. మూడోపాలి ఇనుపరేకు మీద రాపిచ్చిండు. అది కాలదు గదా."

"ఏం చేశారు?"

"దించి పొయ్యికి వానజల్లు కొట్టకుండ అడ్డం పెట్టిన. రాసిన దిక్కు మంటకు, రాయని దిక్కు వానకు. ఆయన ఇంక రాపియ్యలే. కని జనం నోట్ల పడ్డది పోలే. ఆయన పోయేదాక అది ఆయన మెస్సే. నేను ఆయన పెండ్లామునే."

కొంగుతో మూతి తుడుచుకుంది.

"మంచోడే, బిడ్డా. తాగలే, కొట్టలే. చివరికి దగ్గుకుంట దగ్గుకుంట నా చేతులనే పోయిండు. మంచోడు గాబట్టే ఎవ్వరికీ చెప్పుకునేటట్టు లేకుండె. నీ మొగుడు నిన్నేం చేసిండే అంటే ఏం చెప్పాలె? నా పేరు తిన్నడు అని చెప్పాల్నా? అందుకే ఆ బోర్డు కట్టిన పొద్దు నుంచి ఆ పేరు నా నోట్ల నుంచి తియ్యలే. అంతకుముందు మర్యాదకు అనకపోతుంటి. తర్వాత పంతానికి అనలే. ఇనేటోళ్ళకు రెండూ ఒక్క తీరుగనే ఇనవడ్డయి. ఎంత పెద్దరికం, మొగని పేరు కూడ అనది అని మెచ్చుకున్నరు నన్ను. నువ్వు కూడ గట్లనే మెచ్చుకున్నవు. మెచ్చుకొని తీసుకపోయి ఆ పేరునే నా నెత్తి మీద రాసినవు."

ఉదయశ్రీ కాగితాన్ని నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుంది. "చెరపను పిన్నిగారూ. మార్పిస్తాను. నాకు రేపు ఆర్కైవులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉంది."

"మార్చకపోతే?"

"మార్చకపోతే మీ ముందే చెరుపుతాను."

"నా ముందే అంటే నేను కూడ వస్త" అంది సీతారత్నం.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. సీతారత్నం గిరిజ కుట్టిచ్చిన పూల మాస్కు కట్టుకుని, బస్సులో ఉన్న నలుగురినీ తనిఖీ చేసినట్టు చూస్తూ కూర్చుంది. ఆర్కైవు ఒక పాత బడి కింది అంతస్తులో ఉంది. తలుపు మీద కాగితం అంటించారు, ఒక్కసారికి ఒక్కరే లోపలికి, సొంత పెన్ను తెచ్చుకోవాలి అని. టెర్మిన్ ఉదయశ్రీ పేరు మీద ఉంది. సీతారత్నం బయట ఉండిపోయింది. కానీ గది గాలి మారాలని కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఆమె పోయి కిటికీ గట్టు మీద రెండు మోచేతులూ ఆనించి, మెస్సు గుమ్మంలో నిలబడ్డట్టే నిలబడింది.

ఫ్రౌ లిండ్నర్ తెల్లజుట్టు మనిషి, మాట మృదువు. పత్రం మార్చాలనగానే కళ్ళజోడు సర్దుకుంది. ఆమె చెప్పినదంతా ఉదయశ్రీ కిటికీ వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"ఈ పెట్టెలన్నీ గని కుటుంబాల వరసలో ఉన్నాయట పిన్నిగారూ. నర్సు అలాగే పేర్చిందట. గనిలో పనిచేసిన మనిషి ఎవరో ఆ పేరు కింద ఇంటి ఆడవాళ్ళ చీటీలు. ఆయన పేరు లేకపోతే మీ ముచ్చట ఈ పెట్టెల్లో ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియడం లేదు. గనిలో పనిచేసింది ఆయన కదా అంటున్నారు."

"బాయిల దిగింది ఆయన. ఒప్పుకుంట. దిగేటోని కడుపుల ఏముండె అని అడుగు. నా పొయ్యి ఆరిన నాడు ఆ షిఫ్టు ఎప్పుడు దిగిందో అడుగు. ఆకలిగొన్నోడు పార పట్టిండా?"

ఉదయశ్రీ అనువాదం చేసింది. ఫ్రౌ లిండ్నర్ తల ఊపింది. ఊపుతూనే, పద్ధతి మారిస్తే రేపు వెతుక్కునేవాళ్ళకు ఇబ్బంది అంది. ఉదయశ్రీ ఆ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు పద్ధతి అన్న మాట దగ్గర కాస్త తడబడింది.

సీతారత్నం కోప్పడలేదు. గది లోపల బల్ల మీద వరసగా ఉన్న బూడిద రంగు అట్టపెట్టెల్ని చూసింది.

"ఆ పెట్టెల మీద ఏం రాసున్నది?"

"నర్సు పేరు. ఓటీలియ క్రామర్."

"ఆమె మొగని పేరేంది?"

ఉదయశ్రీ అడిగింది. "పెళ్ళి చేసుకోలేదట."

"గదీ సంగతి. మొగడు లేనామె పేరు పెట్టె మీదికి ఎక్కింది. మొగడున్నోళ్ళ పేర్లు పెట్టె లోపట కూడ లేవు. ఈ ముక్క ఉన్నదున్నట్టు జెప్పు ఆమెకు. సున్నం కొట్టకు."

ఉదయశ్రీ సున్నం కొట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆపైన సీతారత్నం చెప్పనిది కూడా తనంతట తాను కలిపింది. ఇన్ని వారాలుగా తను చదివిన చీటీల్లో, వృత్తి లేదని రాసి, తిప్పి చూస్తే వెనక పని లేని చీటీ ఒక్కటి కూడా కనబడలేదని చెప్పింది. ఆ వెనక వైపు పెన్సిలు రాతలు టైపు చేయమని తనకెవ్వరూ చెప్పలేదనీ, అయినా అన్నీ చేసి పెట్టాననీ, అవి పారేస్తే ఇక ముందు వైపు కూడా చేయననీ చెప్పింది. ఆమె జర్మన్‌లో వ్యాకరణం కొన్నిచోట్ల కుంటింది. మాట మాత్రం కుంటలేదు.

ఫ్రౌ లిండ్నర్ సొరుగు తెరిచి కొత్త పత్రం ఒకటి తీసింది. చీటీల వరస తను మార్చలేననీ, అది ఆ నర్సు చేసి పెట్టిందనీ అంది. కానీ ఈ గొంతు ఈ కాలపుదనీ, దీనికి వరస తనే వేయవచ్చనీ అంది. సీతారత్నం అని, ఆ ఒక్క పేరు మీదే పెడతానంది. వృత్తి ఏమని రాయాలి అని అడిగింది. వంటమనిషా?

"వంటమనిషి ఏంది, ఒకరి కింద చేసినట్టు. మెస్సు నాది."

ఉదయశ్రీకి సరైన మాట వెంటనే తట్టింది. వాల్డార్ఫ్ బజారులో బేకరీ తలుపు మీద, పూలకొట్టు తలుపు మీద, నడిపే ఆమె పేరు పక్కన ఉండే మాట అది. ఇన్‌హాబెరిన్. యజమానురాలు. ఫ్రౌ లిండ్నర్ దాన్ని పెద్ద అక్షరాలతో రాసి, కిటికీ వైపు ఎత్తి చూపించింది. సీతారత్నం చదవలేకపోయినా, మాట ఎంత పొడుగుందో చూసి తృప్తిపడింది.

ఇక మిగిలింది ఒక్క గడి, భర్త పేరు. ఫ్రౌ లిండ్నర్ దాని మీద వేలు పెట్టి నవ్వుతూ ఏదో అంది.

"దాన్ని ఖాళీగా వదిలేస్తానంటున్నారు పిన్నిగారూ. ఇంక సంతకం పెట్టొచ్చు." ఉదయశ్రీ కాగితం, తన పెన్ను కిటికీ గట్టు మీదికి జరిపింది.

సీతారత్నం పెన్ను ముట్టుకోలేదు. కాగితాన్ని రెండు వేళ్ళతో వెనక్కి తోసింది.

"ఖాళీగ వద్దు. ఖాళీగ ఉంటే రేపు ఇంకొకామె వస్తది. అయ్యో పాపం, రాసుడు మర్సిపోయిన్రు అనుకొని, నీ లెక్కనే మంచి మనసుతోని ఎవరినో అడిగి నింపుతది. పో బిడ్డా, మళ్ళ ఆమె కాడికి పో. ఆ గడిల అడ్డంగ గీత కొట్టమను, ఈ మూలకెల్లి ఆ మూల దాక, ఒక్క అక్షరం కూడ ఇరకకుండ. కొట్టేదాక పక్కనే నిలబడు. కొట్టినంక తెచ్చి నాకు జూపియ్యి. అప్పుడు పెడత సంతకం."